సముద్రపుటొడ్డున స్థలము

మన పల్నాటిసీమలో గత కొన్ని సంవత్సరములుగా నొక క్రొత్త మోజు బయలుదేరినది. నరసరావుపేటలో నలుగురు ఉద్యోగస్థులు కలిసినచోటను, గురజాల కోర్టు వాకిటనున్న టీ దుకాణమునొద్దను, మాచర్లలో మిరప అమ్మి వచ్చిన రైతు అరుగుమీదను ఒకటే ప్రసంగము: “సముద్రపుటొడ్డున స్థలము కొన్నారా?” కొనని వాడు లోకజ్ఞానము లేనివాడు. కొన్నవాడు ఆ స్థలమును చూడకున్నను జ్ఞానియే. సూర్యలంకలో గజమింత, వాడరేవులో సెంటింత, భీమునిపట్టణములో నైతే చేయి పెట్టుటకే వీలులేదు అని ధరలను స్తోత్రపాఠమువలె వల్లించువారు ఇప్పుడు ప్రతి వీథిలోను గలరు. వారు పంచు కరపత్రములపై నొక కొబ్బరిచెట్టు, నొక నీలి యల, ఊయలలో కాళ్ళు చాపుకొనిన యొక దంపతుల బొమ్మ యుండును. ఆ బొమ్మలో చేపల వాసన యుండదు, వల యుండదు, తుపాను జెండా యుండదు.

ఈ వర్తకులు చెప్పు కారణములు నాలుగు. అచట చల్లగా నుండును, గాలి ఆరోగ్యము, ధర పెరుగును, కట్టిన ఇంటిని విడిదిగృహముగా నడపి నెలనెల ఆదాయ మిత్తుము. ఈ నాలుగు వేదములను ప్రమాణముగా గైకొని, బిడ్డ చదువునకై దాచిన సొమ్మును, భార్య మెడలోని గొలుసును ఇసుకలో పాతిపెట్టుచున్న గృహస్థులు మనలో నెందఱో కలరు. కావున నీ వేదముల ప్రామాణ్యమును విచారింపక తప్పదు.

ముందుగా నొక మాట. నేను సముద్రమునకు శత్రువును గాను. సముద్రమునకు శత్రువులు మన పూర్వాచారపరులలో నుండిరి. బౌధాయనుడు సముద్రయానమును పతనహేతువులలో లెక్కించెను. పిమ్మటి నిబంధనకారులు దానిని కలివర్జ్యములలో జేర్చిరి. పర్వదినమున దప్ప కడలిని తాకరాదన్న కట్టుబాటు నేటికిని కొన్ని యిండ్లలో సజీవముగా నున్నది. ఫలితమేమి? పల్నాటి స్త్రీలలో ననేకులు మాఘపూర్ణిమనాడో కార్తికపూర్ణిమనాడో గుంపులో మూడు మునుగులు మునిగి, తడిచీరతో బండి యెక్కుటయే సముద్రదర్శన మని యెంచుచు ముదుసలులైరి. నా తరగతిలోని బాలబాలికలు బంగాళాఖాతము ఎల్లలను తప్పులేకుండ చెప్పగలరు; దానిని కన్నులార చూచినవారెవరని యడిగిన నాలుగైదు చేతులే లేచును. నరసరావుపేటనుండి రెండు గంటల త్రోవలో నున్న సముద్రమును చూడక పెరుగుట దారిద్ర్యము వలన గాదు, అలవాటు వలన. భార్యతోను, తల్లితోను, ఆడపిల్లలతోను తీరమునకు పొండు. పర్వము గాని నాడు పొండు. ఇసుకపై నడువుడు, పీతను జూడుడు, వల లాగు చేతులను జూడుడు. ఇందుకు స్థలము కొననక్కఱలేదు. బస్సు టిక్కెట్టు చాలును.

ఆ తీరము సామాన్యమైనదియు గాదు. 1913లో ఆంధ్రమహాసభ మొదటి సమావేశము జరిగినది బాపట్లలో. 1921లో పురపాలకసంఘము తమపై మోపిన పన్నులను సహింపక, చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇల్లువాకిళ్ళు వదలి, ఊరివెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని నెలల తరబడి కాపురముండిరి. ఊరు మారుట యనగా నేమో ఆ చేనేతవారికి తెలిసినంత మనకు తెలియదు. చీరాలకు దక్షిణముగా మోటుపల్లి కలదు. అచట గణపతిదేవచక్రవర్తి 1244 ప్రాంతమున అభయశాసనము వేయించి, ఓడ మునిగినపుడు వర్తకుల సరుకును రాజు లాగికొను పాత దుర్నయమును మాన్పి, నిర్ణీతమైన సుంకమునే తీసికొందునని వాగ్దానము చేసెను. దూరదేశముల నావలు వచ్చిన ఆ రేవు నేడొక చిన్న పల్లె. ఆ కాలమున మోటుపల్లిలో స్థలము కొన్నవాని మనుమలకు “సముద్రపుటొడ్డున ధర తగ్గుట యెన్నడును లేదు” అన్న కరపత్రము చూపినచో నేమందురో!

ఇక మొదటి కారణము: చలువ. రెంటచింతల యెండ నెఱిగినవారికి ఈ మాట తేనెవలె నుండుట సహజమే. రాష్ట్రములో అత్యధికోష్ణోగ్రత నమోదైన ఊళ్ళ పేర్లు వేసవిలో చదివినపుడు మన రెంటచింతల తఱచుగా ముందువరుసలో నుండును. నాపరాతి నేల, నాపరాతి గోడ, నాపరాతి కప్పు పగలంతయు వేడిని మ్రింగి రాత్రి యంతయు వెలిగ్రక్కును. అట్టి చోటనుండి పోయినవానికి సాయంకాలపు సముద్రపుగాలి అమృతమే. కాని గాలి నడక తెలియవలెను. పగలు నేల త్వరగా వేడెక్కును, నీరు మెల్లగా వేడెక్కును. నేలపైని వేడిగాలి పైకి లేవగా కడలిమీది గాలి లోనికి వచ్చును. పడమటినుండి వడగాడ్పు బలముగా వీచుదినములలో నీ సముద్రపుగాలి ఒడ్డుననే నిలిచిపోవును. అప్పుడు బాపట్లయు మండును, ఒంగోలును మండును. గాలి వచ్చిన దినములలో నైనను అందు తేమ మెండు. పల్నాటి యెండలో చెమట ఆరును, ఒడ్డున ఆరదు. ఉష్ణమాపకమున నాలుగు డిగ్రీలు తగ్గినంత మాత్రమున దేహమునకు సుఖము కలుగదని వైశాఖమున అచట నొక్క వారము నిదురించినవా రెఱుగుదురు. మార్గశిరమున స్థలము చూపువారు వైశాఖమున ఎందుకు చూపరో అడిగి చూడుడు.

రెండవది ఆరోగ్యము. గాలి మంచిదే. కాని మనుష్యుడు గాలి నొక్కటియే త్రాగి బ్రదుకడు. తీరపు టిసుకలో మంచినీ రున్నది. అది వాననీరే ఇంకి, బరువైన ఉప్పునీటిపై పలుచని తెట్టెవలె తేలియున్నది. సముద్రమట్టమునకు పైన నొక యడుగు మంచినీరున్నచోట క్రింద సుమారు నలువది యడుగుల మంచినీరుండునని శాస్త్రజ్ఞులు లెక్క కట్టిరి. ఇది వినుటకు సంతోషముగా నుండును. దీనినే తిరుగవేసి చూడుడు: గొట్టపుబావితో తోడి పైమట్టమును ఒక్క యడుగు దించినచో క్రిందినుండి ఉప్పునీరు నలువది యడుగులు పైకి వచ్చుటకు దారి యగును. బాపట్ల చీరాల ప్రాంతపు రైతులు ఈ సంగతిని పుస్తకము చదువకయే యెఱిగిరి. అందుచేతనే వారు లోతుగా త్రవ్వక, ఇసుకలో వెడల్పైన దొరువులు తీసి, పైపై నీటిని కడవలతో మెల్లగా ముంచి నారుమళ్ళకు, కూరగాయలకు పోసిరి. బాపట్ల వ్యవసాయకళాశాలవారు ఆ దొరువు పద్ధతినే చక్కబఱచి, అడుగున గొట్టములు పఱచి నీరు సేకరించు మార్గమును రైతులకు చూపిరి. దొరువు వ్యవసాయమునకు చాలిన నీరు వంద గదుల విడిదికిని, దాని ఈత కొలనునకును, దాని పచ్చికబయలునకును చాలునా? మొదటి విడిది వచ్చినపుడు చాలును. పదియవది వచ్చినపుడు దొరువు ఉప్పనగును. అప్పుడు విడిదివారికి ట్యాంకరు వచ్చును. దొరువుపై బ్రదుకువానికి రాదు.

ఇంటి యారోగ్యము మాటయు నొకటి కలదు. ఉప్పుగాలి కాంక్రీటులోనికి చొచ్చి లోపలి యినుమును తుప్పు పట్టించును. తుప్పు ఇనుముకంటె అనేక రెట్లు స్థల మాక్రమించును గనుక లోపలినుండి గోడను పగులగొట్టును. మన నాపరాతి యిల్లు మూడు తరములు నిలిచెను. ఒడ్డుననున్న ఇంటికి ఏటేట రంగు, ఏటేట మరమ్మతు తప్పవు. ఈ ఖర్చు కరపత్రములో నే పుటలో నున్నదో నాకు కానరాలేదు.

మూడవదియగు ధరల విషయమున కొంత విస్తరించి చెప్పవలసియున్నది, ఏలయనగా ఇదియే అసలు మంత్రము. పిడుగురాళ్ళనుండి నరసరావుపేట, చిలకలూరిపేట, చీరాలల మీదుగా వాడరేవువఱకు పోవు జాతీయ రహదారి 167ఏ విస్తరణము మొదలైననాటినుండి పల్నాటి సొమ్మునకు సముద్రపు దారి తెలిసినది. రహదారి మంచిదే, మన సున్నపురాయికిని, సిమెంటునకును, మిరపకును రేవు దారి కావలసినదే. కాని దారి పడినంత మాత్రమున దారికి రెండువైపుల ధర శాశ్వతముగా పెరుగు నను నమ్మకము మనకెట్లు కలిగెనో!

కన్నుల యెదుట జరిగినవి చూడుడు. 2008లో వాడరేవు నిజాంపట్టణముల నడుమ వాన్‌పిక్ అను పేర మహానౌకాశ్రయమును, కర్మాగారములును వచ్చుచున్నవని చాటిరి. వేల యెకరములు చేతులు మారెను. చుట్టుపట్ల చౌడునేలకు సైతము వెల యెగబ్రాకెను. పిమ్మట విచారణలు, వ్యాజ్యములు వచ్చెను. ఆ నౌకాశ్రయము మాత్రము రాలేదు. 2015లో అమరావతికి శంకుస్థాపన జరిగెను. 2019 చివర మూడు రాజధానుల మాట వచ్చెను. అమరావతిలో వెల కూలెను, విశాఖ భీమునిపట్టణముల త్రోవలో వెల లేచెను. 2022లో ఉన్నతన్యాయస్థానపు తీర్పు వచ్చెను. 2024లో ప్రభుత్వము మారి అమరావతి పనులు మరల సాగెను. ఈ పదేండ్లలో భూమి కదలలేదు, సముద్రము కదలలేదు. కదలినది ఆశ యొక్కటే. ఆ యాశ పడమటినుండి తూర్పునకును, తూర్పునుండి పడమటికిని పోవునపుడెల్ల మధ్యవర్తికి రెండువైపుల దళ్ళారీ దక్కెను. ఏ పార్టీవారినో తిట్టుటకు నే నిది వ్రాయుట లేదు. కొనువాని లెక్క ఎంత బలహీనమైన పునాదిపై నున్నదో చూపుటకే.

మన సీమలోనే భూమికి విలువ వచ్చిన విధ మొకటి కలదు. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ పాఱినచోట మెట్టనేల మాగాణి యైనది. జొన్న తిన్న ఇంట వరి యుడికెను. శ్రీనాథుడు మన జొన్నకూటిని వెక్కిరించెనని పండితులు నేటికిని నవ్వుచుందురు గాని, ఆ వెక్కిరింతను తుడిచినది కాలువ నీరును, రైతు చెమటయు. అచట ధర పెరిగినది పంట పెరిగినందున. ఒడ్డున కంచె వేసి వదలిన రెండువందల గజములలో ఏమి పెరుగును? ఆ స్థలమునకు వెల రావలెనన్న మనకంటె ఎక్కువ ఆశగలవాడు రేపొకడు రావలెను. వానికి వెల రావలెనన్న ఎల్లుండి మఱియొకడు. ఆ వరుసలో చివరివాడు మిరప రైతో, పింఛను సొమ్ముతో వచ్చిన పంతులో అగును. 2021-22 పంటకాలమున నల్లతామరపురుగు మిరపతోటలను మాడ్చినపుడు చేతిలో రొక్కము లేక పొలము తాకట్టు పెట్టినవారిలో స్థలముల కాగితములు బీరువాలో నున్నవారును గలరు. ఆ కాగితములను కొనువా రపుడు రాలేదు.

ఇంకొక చిన్న లెక్క. ఎకరమనగా 4840 గజములు. దారులకు, ఖాళీకి పోగా సగముకంటె కొంచె మెక్కువ అమ్మకమునకు మిగులును. వర్తకుడు ఎకరమున కొని గజమున అమ్మును. అందుచేతనే గజము మాటయే పలుకును, ఎకరము మాట పలుకడు. కొనబోవు గృహస్థు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమునకు బోయి, ఆ సర్వే నంబరులో ఎకరము గత రెండేండ్లలో ఎంతకు చేతులు మారెనో కనుగొని, 4840తో భాగించి చూచుకొనినచో, కరపత్రములోని కొబ్బరిచెట్టు వెల యెంతయో తేలును.

నాలుగవది నెలసరి ఆదాయము. దీనికి నా యుత్తరము కొంచెమే. పట్టణవాసులు ఒడ్డునకు వచ్చునది శని ఆదివారములు. ఏడాదికి ఏబది రెండు వారములు. రెండేసి రాత్రులు చొప్పున 104. అన్ని రాత్రులును నిండినను 261 రాత్రులు గది ఖాళీ. ఖాళీగది అద్దె ఇచ్చెదమని ముద్దుగా చెప్పువాడు, మొదటి రెండేండ్లు మన సొమ్ములోనుండియే మనకు తీసి యిచ్చుచున్నాడో లేదో విచారింపవలెను. స్థలమును, వడ్డీని కలిపి ఆశ చూపిన అగ్రిగోల్డు వ్యవహారము 2014-15లో కూలినపుడు లక్షలాది కుటుంబములవారు వీథిన బడిరి. వారిలో చదువురానివారే కాదు, మనవంటి ఉపాధ్యాయులును, మన శిష్యులే ఏజెంట్లును ఉండిరి. ఏజెంటు మోసగాడు కానక్కఱలేదు, వాడును నమ్మినవాడే. బంధువు నమ్మి చెప్పినమాట గనుకనే మనము కాదనలేకపోతిమి.

ఇక కరపత్రము చెప్పని సంగతి. 1864 నవంబరులో ఉప్పెన మచిలీపట్టణమును ముంచి సుమారు ముప్పదివేలమందిని పొట్టబెట్టుకొనెను. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమను ఊడ్చి, గుంటూరు మండలపు తీరమునుగూడ వదలలేదు. సర్కారు లెక్కకే పదివేల ప్రాణములు పోయెను. 1990 మేలో మరల మచిలీపట్టణమువైపు తుపాను వచ్చెను. 2004 డిసెంబరు 26న సునామీ మన రాష్ట్రతీరమున వందమందికి పైగా బలిగొనెను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను కుదిపెను. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల యొద్దనే తీరము దాటెను. కాకినాడ చేరువ ఉప్పాడలో సముద్రము ఇండ్లను, దారిని కోసికొనిపోవుచునే యున్నది. ముందస్తు హెచ్చరికలు, ఆశ్రయభవనములు వచ్చిన పిదప ప్రాణనష్టము మిక్కిలి తగ్గెను. అది ప్రభుత్వశాఖలకు, శాస్త్రజ్ఞులకు మనము చెల్లింపవలసిన కృతజ్ఞత. కాని హెచ్చరిక విని మనుష్యుడు లేచి పోగలడు. ఇల్లు లేచి పోజాలదు.

మన పూర్వులు ఈ లెక్కను ఊళ్ళు కట్టుటలోనే వ్రాసి యుంచిరి. బాపట్ల సూర్యలంకకు సుమారు తొమ్మిది కిలోమీటర్ల లోపల నున్నది. చీరాల వాడరేవునకు ఆఱు కిలోమీటర్ల లోపల నున్నది. సముద్రము నంత దగ్గఱ నుంచుకొని వా రేల దూరముగా గుడియు, మగ్గమును, బజారును నిలిపిరి? గాలి మంచిదని వారికి తెలియకనా? నడుమనున్న ఇసుకదిబ్బలు, సరుగుడు, తాటితోపులు అలకు అడ్డుగోడలు. ఇప్పుడు స్థలములు వేయువారు మొట్టమొదట చేయుపని ఆ దిబ్బను చదును చేయుట. “సముద్రము కనబడవలెను గదా” అందురు. మనకు సముద్రము కనబడినచో సముద్రమునకు మనము కనబడుదుము.

చట్టమును గూర్చి రెండు మాటలు చాలును. 1991లోను, పిమ్మట 2011, 2019 లలోను కేంద్రప్రభుత్వము వెలువరించిన తీరప్రాంత నియంత్రణ ప్రకటనల ప్రకారము, పోటు నీరు చేరు గరిష్ఠరేఖనుండి 500 మీటర్లవఱకు నిర్మాణములపై ఆంక్షలు కలవు. జనసాంద్రత తక్కువైన పల్లెలలో మొదటి 200 మీటర్లు, ఎక్కువైనచోట 50 మీటర్లు నిర్మాణనిషేధప్రదేశము. దీనితోపాటు పేదలకిచ్చిన ప్రభుత్వభూముల విక్రయమును నిషేధించు 1977 నాటి చట్టమును, నిషిద్ధభూముల పట్టికను చెప్పు 22ఏ నిబంధనయు నున్నవి. సవరణలు వచ్చినను, విచారింపక కొన్నవానికి రక్షణ రాలేదు. 500 చదరపు మీటర్లు మించిన లేఅవుటును రెరాలో నమోదు చేయవలెను. వీనిని చూడక, ఏజెంటు ఫోనులోని బొమ్మను చూచి సంతకము పెట్టు పట్టభద్రునికి మనము నేర్పిన చదు వేపాటిదో!

నన్ను అన్నిటికంటె ఎక్కువగా బాధించున దిది. ఒడ్డు ఖాళీగా నున్నదని వర్తకు డనును. అది ఖాళీ గాదు. తెప్పలు లాగి నిలుపునది అచటనే, వలలు ఆరబెట్టి బాగుచేయునది అచటనే, ఆడువారు చేపలు ఎండబెట్టునది అచటనే. తరతరములుగా వాడుకొన్న ఆ నేలకు వారి చేతిలో పట్టా లేదు. అందుచేతనే కాగితములో అది ఖాళీ. మనకు కంచె పడును, వారికి రేవు దారి మూసికొనును. పల్నాటివారము మనకిది తెలియదా? అడవిలో పశువులు మేపుకొనుటకు పుల్లరి కట్టుమన్నప్పుడు, తరతరముల వాడుకయే మా హక్కని నిలిచినవారు మన పెద్దలు. ఆ పోరాటములో 1922లో మించాలపాడు చేరువ కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు నేలకూలెను. ఆయన విగ్రహమునకు ఏటేట దండ వేయు చేతులతోనే మఱియొకరి మేతబీటికి కంచె నాటుట యెట్టి న్యాయము?

“అయినచో ఎవరును తీరమునకు పోరాదా? పల్నాటనే మాడవలెనా?” అని నా మిత్రులొకరు కోపముతో అడిగిరి. పోవచ్చును. కాపురమునకు పోవు వేఱు, కంచె వేయ బోవు వేఱు. ఉద్యోగవిరమణ పొందినవారు, ఉబ్బసముతో గాక కీళ్ళనొప్పులతో గాక కేవలము ఇష్టముతో పోవువారు, బాపట్లలోనో చీరాలలోనో ఊరిలోపల ఇల్లు అద్దెకు తీసికొని, ఆశ్వయుజమునుండి ఆశ్వయుజమువఱకు ఒక్కయేడు నివసింపుడు. ఆ యూరి పాఠశాలలో నాలుగు పిల్లలకు లెక్కలు చెప్పుడు, గ్రంథాలయమునకు పుస్తకము లిండు, చేనేతవానియొద్ద వస్త్రము కొనుడు. ఆ యేడు చివరను గూడ మనసు అచటనే నిలిచినచో అప్పుడు ఇల్లు కొనుటకు నే నడ్డుపడను. అట్టివాడు ఆ యూరికి ఒక కుటుంబమును తెచ్చినవాడు. ఖాళీ స్థలము తెచ్చినవాడు కలుపుమొక్కలను తెచ్చినవాడు.

గృహిణులకు ప్రత్యేకముగా నొక విన్నపము. ఈ కొనుగోళ్ళలో పెక్కు ఇంటిలో చెప్పక జరుగుచున్నవి. సంతకమునకు మాత్రము “ఇక్కడ పెట్టు” అని కాగితము చేతికిత్తురు. మీ నగ కరిగిన సొమ్ము ఏ సర్వే నంబరులో పడుచున్నదో అడుగుట అవిధేయత గాదు. అడుగుడు. పత్రము చదివి వినిపించుమనుడు. చదువుకొన్న మీరు మీరే చదువుడు. ఈసీ కాగితము తెమ్మనుడు. “ఆడవారి కివి యెందుకు?” అనువానికి, “నగ ఆడుదానిది గనుక” అని చెప్పుడు. ఆ సొమ్ముతో మీ కూతురు రెండేండ్లు పైచదువు చదువవచ్చునేమో లెక్క వేసి, ఆ లెక్కను కరపత్రము ప్రక్కనే గోడకు అంటింపుడు.

అంతకును స్థలము చూడవలె ననిపించినచో, అమ్మువాని కారులో పోవలదు. కార్తికమున, తుపాను జెండా యెగురు వారమున, బస్సులో పొండు. భార్యను వెంట తీసికొనిపొండు. వాడరేవు పల్లెకారుల యింట దొరువు నీరు ఒక లోటా అడిగి త్రాగుడు; 1977లో అల యెంతదూరము వచ్చెనో ముసలివారి నడిగి, వారు చూపినచోట నిలిచి, మీరు కొనబోవు స్థలము ఆ గీటుకు ఏ ప్రక్కనున్నదో చూడుడు. అటుపిమ్మట అమ్మువానితో ధర మాటాడవచ్చును.